మోచెయ్యి లోతు

పియారా వాటర్స్‌లో మట్టి లేదు. ఉన్నదంతా ఇసుకే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చాలా భాగం చిత్తడి నేల. అందుకని ఇల్లు కట్టే ముందు లారీల కొద్దీ పసుపుపచ్చ ఇసుక తెచ్చి పోసి, రోలరుతో తొక్కించి, నేల ఎత్తు పెంచాకే పునాది వేస్తారు. పెర్త్ నగరానికి దక్షిణాన, ఈ శతాబ్దంలోనే పుట్టిన పేట ఇది. మా అమ్మాయి ఇంటి పెరట్లో కూర్చుని గుప్పెడు తీస్తే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. ముద్ద కట్టదు. వాన కురిసినా వాసన లేవదు. ఇక్కడికొచ్చిన కొత్తల్లో నాకు అన్నిటికన్నా వెలితిగా తోచింది అదే. అరవై దాటిన మనిషికి మట్టి మీద ఇంత బెంగేమిటి నాన్నా అని మా అమ్మాయి అడిగింది. అప్పటికప్పుడు చెప్పలేకపోయాను.

మనవడికి పదమూడేళ్లు. రెండేళ్లుగా కుస్తీ నేర్చుకుంటున్నాడు. వాడి భాషలో రెజ్లింగ్. వారానికి మూడు సాయంత్రాలు అల్లుడు కారులో దింపుతాడు, తోడు నేను వెళ్తాను. పెద్ద రేకుల షెడ్డు, నేలంతా మ్యాట్లు, మధ్యలో 9 మీటర్ల వలయం. క్లాసుకు ముందు ఎవరో ఒకరు మందునీళ్లలో ముంచిన మాపుతో మ్యాటంతా తుడుస్తారు. షెడ్డంతా ఆసుపత్రి వాసన వేస్తుంది. మొదటిరోజు గుమ్మంలో నిలబడి, అలవాటు కొద్దీ వంగి, నేలను ముట్టి కళ్లకద్దుకున్నాను. వేళ్లకు రబ్బరు తగిలింది. పక్కన నిలబడ్డ తెల్లాయన ఏదో జారవిడుచుకున్నాననుకుని నాతోపాటు వంగి వెతికాడు.

నేను తాలింఖానాలో చేరింది 1974లో, విజయనగరంలో. చేరడానికి కారణం ఒక జామచెట్టు. కొమ్మ విరిగి పడుతూ చెయ్యి అడ్డం పెట్టాను, మణికట్టు బెణికింది. ఆ రోజుల్లో మా పేటలో బెణుకులకూ విరుగుళ్లకూ ఆసుపత్రి ముఖం చూసేవారు తక్కువ. కోటకు కాస్త దూరంలో, ఒక సందు చివర తాలింఖానా ఉండేది. అక్కడి సాయిబు వస్తాదు దగ్గరికే అందరూ వెళ్లేవారు. మా అమ్మ నన్ను అక్కడికి తీసుకెళ్లింది. ఆయన నా చేతిని ఒళ్లో పెట్టుకుని, గోరువెచ్చటి నూనె రాస్తూ, ఎలా పడ్డానో అడిగాడు. చెప్పాను. నొప్పి చోటికి బొటనవేలు చేరేదాకా మాటల్లో పెట్టి, టక్కున సరిచేసి, మినపపిండీ కోడిగుడ్డు తెల్లసొనా కలిపి పట్టు వేశాడు. అప్పుడు అన్నాడు: "ఏటి బావూ, నీకు పడ్డం రాదేటి?"

నడవడం రాదనడం విన్నాను, ఈత రాదనడం విన్నాను. పడడం రాదనడం ఎప్పుడూ వినలేదు. కట్టు విప్పిన మర్నాడు తెల్లారకముందే వెళ్లి ఆ గుమ్మంలో నిలబడ్డాను.

తాలీమ్ అంటే చదువు, ఖానా అంటే ఇల్లు. ఈ మాటలు అరబ్బీ నుంచీ పారశీకం నుంచీ నడిచి వచ్చి మన నోళ్లలో తాలింఖానా అయ్యాయి. ఉస్తాద్ వస్తాదయ్యాడు. అర్థం మాత్రం చెడలేదు, అది నిజంగా బడే. పెంకుటింటి వసారా, దాని ముందు పందిరి, పందిరి కింద గోదా. గోడకు రెండు కొయ్య గదలు, మూలన సంగిడి రాళ్లు, గూట్లో హనుమంతుడు. మంగళవారం మంగళవారం ఎవరో ఒకరు సింధూరం పూసి హారతి ఇచ్చేవారు. తెల్లవారుజాము నమాజు చేసుకుని వచ్చిన వస్తాదు, ఆ హారతి అయ్యేదాకా గోదా గట్టు మీద చెప్పులు విడిచి నిలబడేవాడు. తర్వాతే పార అందుకునేవాడు. ఇందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు.

హనుమంతుడి పక్కనే అద్దాల పటంలో కోడి రామ్మూర్తి నాయుడు. వీరఘట్టంలో పుట్టి, మా విజయనగరంలో వ్యాయామం నేర్చి, ఇక్కడి బడిలోనే వ్యాయామం చెప్పి, తర్వాత సర్కస్ కంపెనీ పెట్టి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుని దేశాలు తిరిగిన కలియుగ భీముడు. మా వస్తాదు ఆయన బలం గురించి చెప్పేది తక్కువ. చివరి రోజుల్లో కాలికి పుండు లేచి కాలే తీసేయవలసి వచ్చిందనీ, ఆస్తంతా కరిగిపోయిందనీ, 1942లో ఒరిస్సాలో కన్నుమూశాడనీ ఎక్కువగా చెప్పేవాడు. పన్నెండేళ్ల పిల్లలకు అంత దిగులు కథ ఎందుకు చెబుతాడా అనుకునేవాణ్ని. గుండెల మీద ఏనుగు నడిచినా లేచినవాడు కూడా ఒకనాడు పడ్డాడని, ఆ మాట మా చెవిని ముందే వేసి ఉంచాలని ఆయన అనుకున్నాడేమో.

గోదా సంగతి చెప్పాలి. ఇరవై అడుగుల చదరం, నడుము లోతు గొయ్యి. అందులో జల్లెడ పట్టిన ఎర్రమట్టి, దానిలో కొంత పుట్టమన్ను. ఏడాదికి రెండుసార్లు, ఉగాదికీ దసరాకీ, మట్టిలో నువ్వుల నూనె, పుల్లటి మజ్జిగ, పసుపు, ఎండబెట్టి దంచిన వేపాకు, కర్పూరం కలిపి తొక్కేవాళ్లం. దోక్కుపోయిన చోట పసుపూ వేపా చీము పట్టనివ్వవు. నూనె మట్టిని గడ్డ కట్టనివ్వదు. పేటలో ప్రతి ఇంటినుంచీ ఏదో ఒకటి వచ్చేది. నూనె గానుగవాళ్లు ఇచ్చేవారు, మజ్జిగ పాలవాళ్లు ఇచ్చేవారు. మా అమ్మ పసుపు కొమ్ములు దంచి ఇచ్చేది. ఆ రెండు రోజులూ సందంతా పెళ్లివారిల్లులా వాసన వేసేది.

ఇంత మర్యాద చేసినా ఆ మట్టి రాత్రికి రాత్రి బిగుసుకుపోతుంది. పగలు పదిమంది తొక్కి, చెమటతో తడిసి, తెల్లారేసరికి పలకలా ఉంటుంది. అందుకని రోజూ తవ్వాలి. కొత్తగా చేరినవాడికి మొదటి మూడు నెలలూ అదే పని. నాలుగున్నరకు లాంతరు వెలుగులో పార పట్టుకుని దిగేవాణ్ని. ఒక మూలనుంచి మొదలుపెట్టి వరుసగా వెనక్కి నడుస్తూ తవ్వాలి, తవ్విన చోట కాలు పెట్టకూడదు. పెళ్లలు చిదపాలి, చిన్న రాయి కనిపించినా ఏరాలి. అంతా అయ్యాక వస్తాదు వచ్చి గట్టు మీద గొంతుక్కూర్చుని, అరచెయ్యి నిటారుగా పెట్టి మట్టిలోకి దించేవాడు. మోచెయ్యి దాకా దిగాలి. ముంజేతి సగంలో ఆగిందంటే ఆయన ఏమీ అనడు. చెయ్యి దులుపుకుని లేచి వెళ్లి వేపపుల్ల నములుతూ కూర్చుంటాడు. మళ్లీ మొదటి మూలనుంచి మొదలుపెట్టాలి.

ఒక రోజు, ఏడుపు ఆపుకోలేక అడిగాను, ఎందుకు గురువుగారూ, నేను కుస్తీ పట్టేది కూడా లేదు కదా అని. "పట్టేవోళ్లు పడతారు కదేటి? ఆళ్ల కింద నీ మట్టుంటాది. ఇయాల ఆళ్లు, రేపు నువ్వు. రాయొదిలేస్తే ఎవుడి యీపుకి తగుల్తాదో నీకు తెలుసా?" అన్నాడు. ఆ తర్వాత నేను ఏరిన రాళ్లు ఒక కొబ్బరి చిప్పలో వేసి గట్టు మీద పెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ చూడమని చెప్పలేదు. ఆయన మాత్రం వెళ్తూ వెళ్తూ ఒకసారి ఆ చిప్పలోకి చూసేవాడు.

మూడు నెలలయ్యాక పట్టు నేర్పుతాడనుకుంటే, పడడం నేర్పాడు. గడ్డం రొమ్ముకు ఆన్చాలి, తల నేలకు కొట్టుకోకూడదు. చెయ్యి అడ్డం పెట్టకూడదు, పెడితే ఒళ్లు బరువంతా మణికట్టు మీద పడుతుంది. ఊపిరి బిగబట్టకూడదు, వదులుతూ పడాలి. ఒక భుజం మీద దిగి, అరచేత్తో మట్టిని చరుస్తూ దొర్లాలి. వెనక్కి, పక్కకి, ముందుకి, ఎవరో నెట్టినట్టు, ఎవరో ఎత్తి వేసినట్టు. రోజుకు వందసార్లు. "పడ్డం రానోడికి పట్టు నేర్పితే ఆడే సస్తాడు" అనేవాడు. పడిన వెంటనే లేవాలి, లేచేటప్పుడు కళ్లు నేల మీద ఉండకూడదు, ఎదుటివాడి మీద ఉండాలి. ఎన్ని పట్లు నేర్చుకున్నానో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. పడడం మాత్రం ఒళ్లు మర్చిపోలేదు. కిందటేడు చలికాలం ఇక్కడి సూపర్ మార్కెట్ ముందు తడి టైల్స్ మీద కాలు జారింది. అల్లుడు కెవ్వున కేకేసేలోపల భుజం మీద దొర్లి లేచి కూర్చున్నాను. గడ్డం రొమ్ముకే ఆని ఉంది.

ఒళ్లు పెంచుకోవడానికి మాకు పెద్ద తిండేమీ లేదు. రాత్రి నానబెట్టిన శనగలు, బెల్లంముక్క, చోడి అంబలి. కలిగినవాళ్లు పాలు తాగేవారు. దండీలు, బస్కీలు, సంగిడి. మగ్గం మీద కూర్చునేవాళ్లు, బళ్లు తోలేవాళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లులో రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చేవాళ్లు, కోమట్ల పిల్లలు, కరణంగారి మేనల్లుడు, అందరం ఒకే మట్టిలో దొర్లేవాళ్లం. మట్టి పూసుకున్నాక ఎవరెవరో పోల్చుకోవడం కష్టం. అయితే అంతా బంగారు కాలమని రాస్తే అబద్ధమవుతుంది. ఆడపిల్లలకు ఆ గుమ్మం తొక్కే వీలు లేదు. మా చెల్లెలు నాకన్నా బలమైంది, సంగిడి రాయి నాకంటే ముందు కదిలించగలిగేది. పక్కింటి గోడెక్కి కూర్చుని చూసేది. ఒకరోజు ఎవరో చూసి మందలించారు, దిగి వెళ్లిపోయింది. ఇక్కడి షెడ్డులో మనవడితోపాటు ఆడపిల్లలు అదే మ్యాట్ మీద పట్లు పడుతుంటే, ప్రతిసారీ నాకు ఆ గోడ గుర్తొస్తుంది.

మా తాలింఖానాలో ఒక కట్టుబాటు ఉండేది. కుస్తీకి ముందు ఇద్దరూ చెరో గుప్పెడు మట్టి తీసి ఒకరి భుజాల మీద ఒకరు చల్లుకోవాలి. చెమటకు పట్టు జారకుండా అది. కుస్తీ అయ్యాక, గెలిచినవాడు ఓడినవాడి వీపు దులపాలి. రెండు భుజాలూ నేలకు ఆనితేనే ఓటమి కనుక, ఎవరు ఓడారో వీపు చూస్తే తెలుస్తుంది. ఎర్రటి ముద్ర పడుతుంది. ఆ ముద్రతో వాడు ఇంటికి పోకూడదు. గెలిచినవాడే తన చేత్తో దులిపి పంపాలి. మనవడి ఆటలో పాయింట్లున్నాయి, ఎర్ర దుస్తులూ నీలం దుస్తులూ ఉన్నాయి, అయ్యాక చేతులు కలుపుకుంటారు, ఎదుటివాడి కోచ్‌కీ చెయ్యి ఇస్తారు. మంచి మర్యాదే. కానీ మ్యాట్ మీద ఓడినవాడి వీపుకు ఏమీ అంటదు. దులిపేందుకు ఏమీ ఉండదు.

1980 సంక్రాంతి తీర్థంలో నేను మొదటిసారి బయట గోదాలోకి దిగాను. పదిహేడేళ్లు. పక్క ఊరి తీర్థం. అరిసెల వాసన, డప్పులు, రంగులరాట్నం, మా పేట నుంచి రెండెడ్ల బళ్లలో వచ్చిన జనం. మా నాన్న బియ్యం కొట్లో గుమస్తా, ఆ రోజు కొట్టుకు సెలవు పెట్టి వచ్చాడు. గెలిచినవాడికి ఇత్తడి బిందె. నాకు జోడు చూసింది ఒక మిల్లు కుర్రాణ్ని. నాకన్నా రెండు మూడేళ్లు పెద్ద. నేను జబ్బ చరిచి దిగాను. డప్పులు ఆగాయి. అతను నా మెడ వెనక చెయ్యి వేశాడు. నేను అతని నడుము అందుకోబోయాను. అంతవరకే నాకు గుర్తు. చాకలి బట్టను భుజం మీదుగా బండకేసి బాదినట్టు వేశాడు నన్ను. ఆ గోదాను పైపైన గీకి వదిలేశారు. కింద నేల రాయిలా ఉంది. ఒళ్లు నేర్చుకున్నదంతా మరిచి నేను చెయ్యి అడ్డం పెట్టాను. మెడ దగ్గర ఎముక పుల్ల విరిగినట్టు విరిగింది. అతను నా వీపు దులపడానికి వంగితే, మరో చేత్తో తోసేసి లేచాను. నా జీవితంలో చేసిన తప్పు పనుల్లో అదొకటి. జనం అంతా చూశారు, మా నాన్న కూడా చూశాడు.

ఎముక ఆరు వారాల్లో అతికింది. కట్టు కట్టింది వస్తాదే. విప్పిందీ ఆయనే. విప్పాక నేను తాలింఖానాకు వెళ్లలేదు. పరీక్షలన్నాను, జ్వరమన్నాను. సందు మొగలో ఎవరైనా కనిపిస్తే ఇంకో సందులోకి తిరిగేవాణ్ని. నిద్ర పట్టేది కాదు, నాలుగున్నరకు మెలకువ వచ్చేది. అలా ఇరవై రోజులు గడిచాయి.

ఒక మధ్యాహ్నం వస్తాదు మా ఇంటికి వచ్చాడు. నేను లోపలి గదిలో ఉన్నాను. బయటికి రాలేదు. ఆయన అరుగు మీద కూర్చుని, మా అమ్మనడిగి మజ్జిగ పుచ్చుకుని, మా నాన్నతో ధరవరల గురించీ వానల గురించీ మాట్లాడి, నా పేరైనా ఎత్తకుండా వెళ్లిపోయాడు. వెళ్లాక అరుగు దగ్గరికొచ్చి చూస్తే, గోడకు ఆనించి పార ఉంది. తాలింఖానా పార. కర్రకు పైభాగాన అరచేతులు తగిలి తగిలి నునుపెక్కిన గుంట, అందులో ఎడమ పక్కన నా చేతికి సరిగ్గా ఆనే పల్లం. మర్చిపోయాడేమో ఇచ్చిరా అంది అమ్మ. మా నాన్న అమ్మ వైపు చూసి, ఏమీ అనవద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ పార లేకపోతే రేపు పొద్దున గోదా తవ్వడం ఎలా? అక్కడ ఉన్నవి రెండే పారలు. రాత్రంతా ఆ ఒక్క ఆలోచనే. నాలుగున్నరకు పార భుజాన వేసుకుని వెళ్లాను. లాంతరు వెలిగించి ఉంది, ఎవరూ లేరు. దిగి తవ్వడం మొదలుపెట్టాను. విరిగిన వైపు భుజం లేవడం లేదు. ఒంటిచేత్తో తవ్వాను, తెల్లారేసరికి సగమే అయింది. వస్తాదు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చెయ్యి దింపి చూడలేదు. "ఓడిపోనావు. అయితే ఏటి? గోదా ఏటన్నా పారిపోనాదా?" అన్నాడు. తర్వాత తానే రెండో పార తీసుకుని దిగి, మిగిలిన సగం తవ్వాడు. అప్పటికి ఆయనకు అరవై ఉంటాయి.

మరుసటి ఏడు అదే తీర్థంలో అదే కుర్రాడితో మళ్లీ పట్టాను. మళ్లీ ఓడాను. అయితే ఈసారి పావుగంట పట్టింది అతనికి. అతను నా వీపు దులిపాడు, నేను అతని చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను. అతను తెల్లబోయి చూశాడు. బిందె అతనికే వచ్చింది. ఆ సాయంత్రం బండిలో మా నాన్న నా పక్కన కూర్చుని, దారి పొడుగునా నా భుజం మీద చెయ్యి తీయలేదు.

తర్వాత నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, బదిలీలు, పెళ్లి, పిల్లలు. తాలింఖానాలు ఎందుకు పోయాయో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. నాకు తెలిసింది ఇది. జమీందార్లు మల్లుల్ని పోషించేవారు. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి. మా వస్తాదులాంటివాళ్లు కట్లు కట్టి, పేటవాళ్లిచ్చిన బియ్యంతో మరో తరం లాక్కొచ్చారు. పేటలో స్థలాల ధరలు పెరిగాయి. పొద్దున్నే నాలుగున్నరకు లేచే పిల్లలు ట్యూషన్లకు లేవడం మొదలుపెట్టారు. అన్నిటికన్నా బాధ కలిగించేది, పహిల్వాను అనే మాటకు పట్టిన గతి. ఎన్నికలకూ స్థలాల తగాదాలకూ కండలు అద్దెకిచ్చేవాడి పేరైపోయింది. పిల్లల్ని పంపడానికి తల్లులు భయపడ్డారు. ఆ భయం తప్పని అనలేను.

మ్యాట్ వచ్చినందువల్లే మట్టి పోయిందని కొందరంటారు. ఆ మాట నాకు పట్టదు. కొల్హాపూర్ మట్టిలో పెరిగిన ఖాశాబా జాధవ్ 1948లో లండన్ ఒలింపిక్స్‌లోనే మొదటిసారి మ్యాట్ మీద అడుగుపెట్టాడు. కాలు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో తెలియని నేల మీద ఆరో స్థానంలో నిలిచాడు. నాలుగేళ్లు ఆ కొత్త నేలను నేర్చుకుని, 1952లో హెల్సింకీలో కాంస్యం తెచ్చాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక మనిషి ఒంటరిగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. ఆ ఆరో స్థానం లేకపోతే ఈ కాంస్యం లేదని మా వస్తాదు చెప్పేవాడు. ఆయనకు జాధవ్ ఊరు తెలియదు, పేరు మాత్రం నమాజులో మాటంత శ్రద్ధగా పలికేవాడు.

మా జిల్లాల్లో ఆ బలం మరో దారి వెతుక్కుంది. సంగిడి ఎత్తిన నేలలోనే వెయిట్‌లిఫ్టింగ్ పుట్టింది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చింది. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన రోజు మేం బ్యాంకులో పని ఆపేసి టీవీ ముందు నిలబడ్డాం. 110, 130, మొత్తం 240 కిలోలు. ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తగలిగితే స్వర్ణమే. బరువు పైకి లేవలేదు. జనమంతా కాంస్యానికి చప్పట్లు కొడుతుంటే, నేను మాత్రం ఆ వదిలేసిన బరువునే చూస్తూ ఉండిపోయాను. కాంస్యం అప్పటికే ఆమె చేతిలో ఉంది. అది చాలనుకోకుండా స్వర్ణానికి చెయ్యి చాచి, దేశమంతా చూస్తుండగా వదిలేసింది. మా చెల్లెలు ఆ రాత్రి ఫోను చేసింది. ఏమీ మాట్లాడలేదు, ఏడుస్తూ ఉంది.

ఈ పెర్త్‌కి కూడా మట్టి మల్లులు వచ్చారని ఇక్కడికొచ్చాక తెలిసింది. 1962లో, నేను పుట్టిన ఏడే, కామన్వెల్త్ క్రీడలు ఇక్కడే జరిగాయి. కుస్తీలో ఎనిమిది స్వర్ణాలుంటే ఏడు పాకిస్తాన్ మల్లులవి. అది చైనా యుద్ధం ఏడు, భారత జట్టు రానేలేదు. నాలుగేళ్ల ముందు కార్డిఫ్‌లో మన లీలారామ్ హెవీవెయిట్ స్వర్ణం గెలిచి ఉన్నాడు. మా వస్తాదు బతికి ఉంటే ఈ ఏడు స్వర్ణాల కథ విని ఎవరి పక్షం వహించేవాడా అని ఆలోచిస్తే, మట్టి పక్షమే అనిపిస్తుంది.

2009లో తాలింఖానా స్థలంలో అపార్ట్‌మెంటుకు పునాదులు తీశారు. వస్తాదు పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. కబురు తెలిసి వెళ్లేసరికి గోదా మధ్యలో స్తంభానికి గొయ్యి తవ్వి ఉంది. ఎర్రమట్టి కుప్పగా పోసి ఉంది, కూలీలు దాన్ని ట్రాక్టరుకు ఎత్తుతున్నారు. వంగి వాసన చూశాను. పసుపు వాసన లేదు, నూనె వాసన మాత్రం లీలగా ఉన్నట్టే అనిపించింది. ఒక హార్లిక్స్ సీసాలో నింపుకుని ఇంటికి తెచ్చుకున్నాను. హనుమంతుడు మాత్రం గోడలో అలాగే ఉన్నాడు, చుట్టూ టైల్స్ అతికించారు.

ఆస్ట్రేలియాకు వచ్చేటప్పుడు ఆ సీసా తేవాలనుకున్నాను. ఇక్కడి చట్టం మట్టిని రానివ్వదు. విమానంలో ఇచ్చే కాగితంలో మట్టి ఉందా అని ప్రత్యేకంగా అడుగుతారు, బూట్లకు అంటిన మట్టి కూడా చెప్పాలి. ఈ నేలా ఈ పంటలూ వాళ్లవి, వాళ్ల భయం న్యాయమే. సీసా చెల్లెలి దగ్గర వదిలి వచ్చాను. దేవుడి గూట్లో పెట్టుకుంది.

రెండు నెలల కిందట మనవడు పోటీకి వెళ్లాడు. వాడి బరువు తరగతిలో ఎదుటివాడు మెరుపులా ఉన్నాడు. నిమిషం లోపల 0-10. పది పాయింట్ల తేడా రాగానే ఆట ఆపేస్తారు. చెయ్యి కలిపి, కోచ్‌కి చెయ్యి ఇచ్చి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇంటికి వచ్చేదాకా కారులో కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆ మంగళవారం వెళ్లనన్నాడు. గురువారం కాలు నొప్పన్నాడు. వాళ్లమ్మ బతిమాలింది, వాళ్ల నాన్న కోప్పడ్డాడు. పారిస్ ఒలింపిక్స్‌లో 100 గ్రాముల బరువు ఎక్కువై ఫైనల్ రోజున పోటీకే దూరమైన వినేశ్ ఫోగాట్ సంగతి కూడా చెప్పి చూశారు. వాడికి ఆ కథ మాకన్నా బాగా తెలుసు. నేనేమీ అనలేదు.

శనివారం బన్నింగ్స్ అనే పనిముట్ల దుకాణానికి వెళ్లి ఒక పార కొన్నాను. కర్ర కొత్తది, చేతికి గుచ్చుకుంటోంది. పెరట్లో కంచె మూలన నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, తవ్వడం మొదలుపెట్టాను. ఇసుక పారను ఆపదు, కానీ పక్కనుంచి జారి మళ్లీ గొయ్యి నిండిపోతుంది. నీళ్లు చల్లి, తడిపి, మళ్లీ తవ్వాను. మా అమ్మాయి వంటింటి కిటికీలోంచి కాసేపు చూసి, ఏమీ అడగకుండా పసుపు డబ్బా, నువ్వుల నూనె సీసా తెచ్చి గట్టు మీద పెట్టి వెళ్లింది. ఎప్పుడో చిన్నప్పుడు చెప్పిన సంగతి దానికి గుర్తుంది. ఒక మూలనుంచి వెనక్కి నడుస్తూ తవ్వుతున్నాను. నడుము పట్టేసింది. ఆగి, పారను కంచెకు ఆనించి, మంచినీళ్లకని లోపలికి వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి వాడు చెప్పుల్లేకుండా గొయ్యిలో ఉన్నాడు. చేతిలో పార.

"తాతయ్యా, ఇంకా ఎంత తవ్వాలి?"

గట్టు మీద గొంతుక్కూర్చుని అరచెయ్యి నిటారుగా పెట్టి దించాను. ముంజేతి సగంలో తడి ఇసుక ఆపేసింది. చెయ్యి తీసి దులుపుకున్నాను. వాడు నా చేతి మీద ఇసుక ఎక్కడిదాకా అంటిందో చూశాడు, తర్వాత నా మోచెయ్యి వైపు చూశాడు. వెనక్కి వెళ్లి, మొదటి మూలనుంచి మళ్లీ మొదలుపెట్టాడు.